కార్డు మీద గుండు ఫోటో

భువనేశ్వర్,
సెప్టెంబరు 2

సాగరన్నకు,

నా నంబరు బ్లాక్ చేశావు. వదిన చేత కూడా చేయించావు. సరే, పోస్టుమ్యాన్‌ను బ్లాక్ చేయలేవు కదా! అందుకే కాగితం మీద రాస్తున్నాను. చించేసే ముందు ఒక్కసారి చదువు.

చైత్ర ఎలా ఉంది? ప్లేట్‌లెట్లు పదిహేడు వేలకు పడిపోయాయని నాకు ఎవరు చెప్పారో తెలుసా? నీ వీడియో చెప్పింది. ఏడేళ్ల నా మేనకోడలు ఆసుపత్రిలో ఉందని, నాతో పనిచేసే అమ్మాయి తన ఫోన్ చూపిస్తే నాకు తెలిసింది. నాకు ఒక్క మాట చెప్పాలని నీకు అనిపించలేదు. కానీ ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఊరందరికీ చెప్పాలనిపించింది. "మా చెల్లె ఉన్న కాడ తయారైన సూదే ఇది. మూడు సూదులు ఏపిచ్చిన. అయినా నా బిడ్డకు చలిజ్వరం పట్టి సావు దాకా పోయింది. మీ పిల్లలకు ఏపియ్యకుండ్రి" అన్నావు. నలభై వేల మంది చూశారు. నేను కూడా చూశాను, ఆరుసార్లు.

బిడ్డ చావు దాకా వెళ్తే తండ్రి ఏదో ఒకటి అంటాడు. అది నాకు అర్థమవుతుంది. కానీ నీ మాటకు ఏం జరిగిందో కూడా నువ్వు తెలుసుకో. కిషన్‌బాగ్ టీకా కేంద్రంలో అరవై రెండు కుటుంబాలు తమ పిల్లల టీకా కార్డులు వెనక్కి ఇచ్చేశాయి. నాలుగు ఊళ్లలోనూ టీకా పరీక్ష ఆపేశారు. నవంబరు ఐదున భద్రతా కమిటీ కూర్చుంటుంది. ఈ టీకాను కొనసాగించాలా, మూసేయాలా అన్నది ఆ రోజే తేలుతుంది. పదకొండేళ్ల పని అన్నా ఇది. మలేరియా క్రిమి మామూలు క్రిమి కాదు, పరాన్నజీవి. ఒంట్లోకి దిగాక కాలేయంలో ఒక రూపం, రక్తంలో ఇంకో రూపం. దాన్ని పట్టుకునే టీకా చేయడం ఎంత కష్టమో నీకు ఎన్నిసార్లు చెప్పానో గుర్తుందా?

ఇంకొకటి. టీకా పరీక్షలో చేరే పిల్లల్లో మా జట్టువాళ్ల బంధువులుంటే ముందే చెప్పాలన్నది ఇక్కడి నిబంధన. చైత్ర నా మేనకోడలని నేను చెప్పలేదు. "బస్తీల అందరూ 'మీ ఇంటి పిల్లకు ఏపిచ్చినవా?' అని అడుగుతుండ్రు, మన పిల్లతోనే మొదలు పెడదాం" అని నువ్వంటే సరేనన్నాను. ఇప్పుడు డైరెక్టర్ గారు నన్ను పిలిచి, "వీడియోలో ఆయన చెప్పిన చెల్లెలు ఎవరు?" అని అడిగారు. తెలియదన్నాను. నీ మూలంగా జీవితంలో మొదటిసారి ఆయన ముందు అబద్ధమాడాను.

చైత్ర ఎలా ఉందో రెండు ముక్కలు రాయి. తిట్లు తర్వాత రాసుకో.

సుజన

---

కిషన్‌బాగ్, హైదరాబాద్
సెప్టెంబరు 11

సుజనా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. చైత్ర ఇంటికి వచ్చింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాలుగడుగులు వేస్తే కాళ్లు వణుకుతున్నాయి, అన్నం కంచం ముందు కూర్చుని అలాగే నిద్రపోతోంది. మూడో రోజు చలి పట్టినప్పుడు ఇనుప మంచం గోడకు కొట్టుకుంటుంటే నేనూ మీ వదినా ఇద్దరం పట్టుకుని కూర్చున్నాం. పక్కింటి తౌఫీఖ్ భాయ్ పత్తర్‌గట్టిలో తన బట్టల దుకాణం మూసి వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చాడు. అప్పుడు నువ్వెక్కడున్నావు?

నీకు చెప్పలేదని కోపమా? ఏమని చెప్పాలి? నీ పేరు వింటేనే మీ వదినకు ఒళ్లు మండిపోతోంది. "గా సుజన జెప్పిందనే గదా పిల్లను తీస్కపోయినవ్" అని ఆసుపత్రిలో అందరి ముందు నా చొక్కా పట్టుకుంది. లేదని ఎట్లా అనను?

మీ పద్ధతి ఏందో నాకు ఇప్పుడు తెలిసింది. సగం మంది పిల్లలకు అసలు టీకా వేస్తారంట, మిగతా సగానికి వేరే జబ్బు టీకా వేస్తారంట. ఎవరికి ఏది వేశారో డాక్టరుకు కూడా తెలియదంట. పోలిక చూడడానికంట! అంటే నా బిడ్డకు వేరేది పొడిచి, దోమల మధ్య వదిలేసి, జ్వరం వస్తుందా రాదా అని చూస్తూ కూర్చున్నారు. అంతే కదా? కాదని చెప్పు. నీకు కూడా తెలియదంటే నేను నమ్మాలా? అక్కడ పనిచేసేదానివి నువ్వు, పిల్లకు మేనత్తవు నువ్వు.

జూలో పాతికేళ్లుగా జింకలను చూసుకుంటున్నాను. పిల్ల పుట్టగానే చెవికి నంబరు బిళ్ల వేస్తాం. ఏ జింకకు ఏ మందు పెట్టామో ఎప్పుడడిగినా చెప్పగలను. నా బిడ్డకు ఏం పొడిచారో మాత్రం చెప్పేవాళ్లు లేరు. జింకకు ఉన్న పాటి విలువ నా బిడ్డకు లేకుండా పోయింది.

వీడియో తీసేయను. మళ్లీ ఆ మాట ఎత్తకు.

సాగర్

---

భువనేశ్వర్,
సెప్టెంబరు 19

అన్నా,

నీ ఉత్తరం అందిన మర్నాడే కమిటీ వాళ్లు చైత్ర నంబరుకు ఏ టీకా వేశారో దాచిన కవరు సీలు విప్పారు. తనకు వేసింది అసలు టీకానే.

నేను బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చాను. తనకు వేరే టీకా వేసి ఉంటే బాగుండేదని కోరుకున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అదే నిజం. వేరేది వేసి ఉంటే మా టీకా బతికేది. ఇప్పుడు, మూడు మోతాదులు అందిన పిల్లకు ప్రాణం మీదికి వచ్చిందని కాగితం మీద ఉంది. నవంబరు ఐదున కమిటీ ముందుకు వెళ్లే మొదటి కాగితం అదే.

నాకు ఒక్క సంగతి అర్థం కావడం లేదు. జ్వరం రావడం వింత కాదు. ఏ టీకా అయినా నూటికి నూరు మందిని కాపాడదు. కానీ ఆసుపత్రిలో చేరిన రోజు చైత్ర రక్తం చూస్తే, టీకా వల్ల రావలసిన రక్షణ దాదాపు లేదు. ఒక్కటే సూది పడ్డ పిల్లకు ఉన్నంత మాత్రమే ఉంది. మొదటి సూది ఒంటికి శత్రువు ముఖం చూపిస్తుంది, అంతే. రెండోదీ మూడోదీ పడితేనే ఆ ముఖం గుర్తుంటుంది. అందుకే అడుగుతున్నాను, కోప్పడకుండా చెప్పు. ఫిబ్రవరిలో, మార్చిలో పిల్లను నువ్వే తీసుకెళ్లావా? సూది పడటం కళ్లతో చూశావా?

మొన్న ఆదివారం పోలియో చుక్కలకు వచ్చిన వాళ్లను కూడా మీ గల్లీలో తలుపులు వేసి పంపేశారట. అది కూడా నీ ఖాతాలోనే. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నా మీద కోపంతో గల్లీలో పసిపిల్లలందరికీ చుక్కలు లేకుండా చేశావు.

సుజన

---

కిషన్‌బాగ్
సెప్టెంబరు 28

సుజనా,

మూడూ వేయించాను. కార్డు మీద మూడు సంతకాలున్నాయి, పోయి చూసుకో. పోలీసు ప్రశ్నలు నన్ను అడగకు.

నీ టీకా పనికిరాదని ఒప్పుకోవడానికి నీకు నోరు రావడం లేదు. అందుకే తప్పు నా మీదికి తోస్తున్నావు. మా గల్లీలో ఈ వానలకు పదకొండు మంది పిల్లలకు చలిజ్వరం వచ్చింది. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి ఇంటింటా డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం, వాటిలో దోమలు. చైత్రతో కలిసి బడికి వెళ్లేవాళ్లలో అందరూ మంచం ఎక్కారు. పక్కింటి తౌఫీఖ్ భాయ్ బిడ్డ మాహిరా ఒక్కతే దుక్కలా తిరుగుతోంది. ఆమె పేరు మీ కాగితాల్లోనే లేదు. దీన్ని ఏమంటావు సైంటిస్టమ్మా?

ఇక నాకు రాయకు. మస్తు అయింది లొల్లి.

సాగర్

---

భువనేశ్వర్,
అక్టోబరు 6

అన్నా అని రాయడానికి చేయి రావడం లేదు.

దాచి ఉంచిన రక్తం నమూనాలన్నీ మళ్లీ తీసి పరీక్షించాం. జనవరిలో పిల్లను చేర్చుకున్న రోజు తీసిన రక్తం ఓ పాజిటివ్. ఆగస్టులో ఆసుపత్రి కాగితంలోనూ ఓ పాజిటివ్. మధ్యలో, మూడో సూది అయ్యాక ఏప్రిల్‌లో తీసింది మాత్రం బి పాజిటివ్! ఏ పిల్లకైనా రక్తం గ్రూపు మారి మళ్లీ వెనక్కి వస్తుందా? ఆ ఏప్రిల్ రక్తం నిండా మేము కోరుకున్న రక్షణ ఉంది. ఇంత బాగా పనిచేసిన నమూనాలు మా దగ్గర ఎన్నో లేవు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రక్తం పట్టింది.

నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. మాహిరా దుక్కలా తిరుగుతోందని ఎందుకు రాశావు? నిన్నెవరూ అడగలేదు. చైత్ర కార్డు మీద నువ్వు తీసుకెళ్లింది ఆ పిల్లనే కదా? గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నువ్వు ఏం చేశావో నీకు అర్థమవుతోందా? టీకా సంగతి పక్కన పెట్టు. ఆ పిల్లకు ముందు ఏం జబ్బులున్నాయో ఎవరూ చూడలేదు. తల్లిదండ్రుల సంతకం లేదు. సూది పడ్డ మర్నాడు ఆ పిల్ల కళ్లు తేలేసి ఉంటే, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఏమని చెప్పేవాడివి? లోకం దృష్టిలో మాహిరాకు సూదే పడలేదు. జింకకు చెవి బిళ్ల ఉంటుందని నాకు గొప్పగా రాశావు కదా! నీ ఆవరణలో ఎవరైనా ఒక జింక బిళ్ల తీసి ఇంకో జింకకు తగిలిస్తే నువ్వు ఊరుకుంటావా?

ఇది కూడా విను. నమూనాలు తారుమారు చేసిందని మీ కేంద్రంలో నర్సు వరమ్మను పని నుంచి ఆపేశారు. చైత్రను ఒళ్లో కూర్చోబెట్టుకుని సూది వేసింది ఆమే. ఆమెకు చదువుకునే కొడుకున్నాడు, మొగుడు లేడు.

నవంబరు ఐదు లోపల నువ్వు వెళ్లి నిజం చెబితే వరమ్మకు పని దొరుకుతుంది, టీకా బతుకుతుంది. చెప్పకపోతే రెండూ పోతాయి. నేను చెబితే చాలదు. చేసినవాడే చెప్పాలి.

సుజన

---

కిషన్‌బాగ్
అక్టోబరు 14

చెల్లెకు,

నిజమే. నువ్వు రాసిందంతా నిజమే.

ఫిబ్రవరిలో రెండో సూది రోజుకు చైత్రకు గవదబిళ్లలు లేచాయి. గొంతు ఉబ్బి, ఒళ్లు కాలిపోతోంది. అట్లాంటి పిల్లకు సూది వేయరు. గడువు దాటితే పేరు తీసేస్తామని ముందే చెప్పారు. మా చెల్లె టీకా అని బస్తీ అంతా తిరిగి చెప్పినవాణ్ని. నా బిడ్డ పేరే కొట్టేస్తే నలుగురిలో నా ముఖం ఏమవుతుంది, నీ ముఖం ఏమవుతుంది అనుకున్నాను.

అప్పుడే మాహిరా వాళ్లమ్మ లుబ్నా బెహన్ గుమ్మంలో నిలబడింది. మాహిరాను చేర్చడానికి అంతకు ముందు రెండుసార్లు కేంద్రానికి వెళ్లి, పేర్లు నిండిపోయాయని వెనక్కి వచ్చింది. ఆమె పెద్ద కొడుకు మూడేళ్ల కిందట ఇదే జ్వరంతో పోయాడు, నీకు తెలుసు. "భయ్యా, కార్డు ఖాళీ ఎందుకు పోవాలె? మా మాహిరాను తీస్కపో. దోనో ఏక్ హీ హై నా, ఇద్దరూ ఒక్కటే గదా?" అన్నది. నాకు కూడా అట్లాగే అనిపించింది. దవాఖానాలో ఒక్క ఓపీ చీటీ తీసుకుని అమ్మ మన ఇద్దరినీ చూపించుకుని వచ్చేది, మర్చిపోయావా? నీ పేరు మీద ఇచ్చిన మందు నేనూ తాగాను. మన గల్లీలో ఇప్పటికీ అంతే. అది తప్పని ఎవరికి తెలుసు?

కార్డు మీద చైత్ర ఫోటో వేములవాడలో మొక్కు తీర్చుకొచ్చిన వారానికి తీసింది. నున్నటి గుండు. మాహిరాకు పేలు పడ్డాయని అప్పుడే జుట్టు కత్తిరించారు. వరమ్మ ఫోటో చూసింది, పిల్లను చూసింది, "జుట్టు అప్పుడే వచ్చిందా బిడ్డా?" అన్నది. మాహిరా తలూపింది. మూడోసారి చైత్ర బాగానే ఉంది. కానీ మొదలుపెట్టిన పిల్లకు సగంలో ఆపకూడదని మళ్లీ మాహిరానే తీసుకెళ్లాను. రక్తానికి కూడా ఆమెనే. చైత్రకు ఒక్కటి పడింది కదా, కొంతైనా కాపాడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. పక్కింటి పిల్లకు రెండు సూదులు వేయించి నా బిడ్డను ఒక్కదానితో వదిలేశాను. ఆసుపత్రిలో మంచం పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ఇదే మాట తలలో తిరిగింది. అది నోటికి రాలేదు. నీ పేరు వచ్చింది.

కానీ నేను వెళ్లి చెప్పలేను. తౌఫీఖ్ భాయ్‌కి ఏమీ తెలియదు. లుబ్నా నా చేతులు పట్టుకుని, "మా ఆయనకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తడు భయ్యా" అని ఏడ్చింది. నా బిడ్డకు ప్లేట్‌లెట్లు ఇచ్చిన మనిషి ముందు నిలబడి, నీ బిడ్డను నీకు చెప్పకుండా తీసుకెళ్లి పొడిపించానని ఏ ముఖంతో చెప్పను? నువ్వు కూడా ఊరికే తిట్టకు. డైరెక్టరు ముందు చెల్లె ఎవరో తెలియదన్నది నువ్వే కదా? నీకో న్యాయం, నాకో న్యాయమా?

సాగర్

---

భువనేశ్వర్,
అక్టోబరు 21

చైత్ర నా మేనకోడలని, ఆ వీడియోలో ఉన్నది నా అన్న అని, నేను దాచానని, అడిగితే అబద్ధం చెప్పానని నిన్న డైరెక్టర్ గారి ముందు నిలబడి చెప్పాను. రాతపూర్వకంగా ఇచ్చాను. సాయంత్రానికి ప్రయోగశాల తాళాలు తీసుకున్నారు. టీకా జట్టులో నేనిక లేను.

నీకో న్యాయం, నాకో న్యాయమా అని అడిగావు. ఇదీ నా న్యాయం. నీ వంతు మిగిలి ఉంది.

ఫోన్ చేయకు. ఈసారి బ్లాక్ చేసింది నేను.

సుజన

---

కిషన్‌బాగ్
నవంబరు 8

చెల్లెకు,

ఇరవైసార్లు ఫోన్ చేశాను. ఎత్తవు. ఎత్తకు, నీ ఇష్టం. కానీ ఇది చదువు.

నీ ఉత్తరం అందిన మర్నాడే మొదట తౌఫీఖ్ భాయ్ దగ్గరికి వెళ్లాను. దుకాణంలో గిరాకీ ఉండగానే చెప్పేశాను, లేకపోతే మళ్లీ ధైర్యం చాలదని. చేతిలో కొలుస్తున్న బట్ట అట్లాగే వదిలేశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ని. "సూది ఏపిచ్చినందుకు కాదు సాగర్ భాయ్. నా బిడ్డకు ఏపిచ్చి నీ బిడ్డ పేరు రాయించినవు సూడు, గది నాకు కడుపుల మండుతుంది. రేపు దానికేమన్నయితే నేను ఎవల్ని అడగాలె? ఏ కాగితం సూపియ్యాలె? నా పెద్దోడు పోయినప్పుడు గూడ గిట్లనే, చేతుల ఒక్క కాగితం లేదు" అన్నాడు. నువ్వు ఉత్తరంలో తిట్టింది, ఆయన దుకాణంలో తిట్టింది ఒక్కటే మాట.

దుకాణం మూసి ఆయనా, లుబ్నా, నేనూ ముగ్గురం కేంద్రానికి వెళ్లాం. పెద్ద డాక్టరు మేడం అంతా రాసుకుని సంతకాలు పెట్టించుకున్నది. వరమ్మను పిలిపించారు. ఆమె చేతులు పట్టుకుని దండం పెట్టబోతే వెనక్కి తీసుకున్నది. "నెల దినాలు నా కొడుకు ముందట దొంగ లెక్క తిరిగిన. దండంతోని పోతదా?" అన్నది. పోదు. నాకు తెలుసు.

అదే ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఇంకో వీడియో చేశాను. తప్పు టీకాది కాదు, నాది అని ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటిదాన్ని నలభై వేల మంది చూశారు. దీన్ని ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది చూశారు. అందుకని జూ డ్యూటీ దిగాక ఇంటింటికీ నడుస్తున్నాను. తలుపు తీసిన వాళ్లకు నోటితో చెబుతున్నాను, కొందరు ముఖం మీదే వేస్తున్నారు. పోయిన ఆదివారం పోలియో చుక్కలకు మాత్రం పదహారు ఇళ్లు తెరిచాయి.

మాహిరాకు సొంత కార్డు ఇచ్చారు. మీ లెక్కల్లోకి తీసుకోరంట, కానీ రెండేళ్లు ఆరోగ్యం చూస్తారంట. కార్డు మీద పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, జుట్టుతో ఫోటో అన్నీ ఉన్నాయి. తౌఫీఖ్ భాయ్ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచాడు. ఆ పిల్లకు ఇప్పటి దాకా ఒక్క రోజు కూడా జ్వరం రాలేదు సుజనా. పదమూడో పిల్ల కూడా మంచం ఎక్కింది గల్లీలో. మాహిరాకు మాత్రం రాలేదు.

నీ ఉద్యోగం సంగతి మీ వదినకు చెప్పాను. నీ నంబరు మీద బ్లాక్ తనే తీసేసింది.

నీ అన్న,
సాగర్

---

భువనేశ్వర్,
నవంబరు 16

అన్నా,

కమిటీ ఐదో తారీఖున కూర్చుంది. నీ వాంగ్మూలం, రక్తం గ్రూపులు చూశాక చైత్ర సంగతిని టీకా వైఫల్యం కింద రాయలేదు. జనవరి నుంచి టీకా పరీక్ష మళ్లీ మొదలవుతుంది. నాకు ఇది అధికారికంగా ఎవరూ చెప్పలేదు. క్యాంటీన్‌లో విన్నాను. నన్ను దోమలు పెంచే గదికి మార్చారు. రోజుకు రెండుసార్లు లార్వాలకు మేత వేయడం, చచ్చినవి తీసేయడం నా పని. టీకా మీద రాసే కాగితాల్లో నా పేరు ఉండదు. పదకొండేళ్లు, అన్నా. నీ మీద కోపం పోలేదు, పోతుందని హామీ కూడా ఇవ్వను. నా మీద నాకున్న కోపం కూడా అంతే ఉంది. మొదటి రోజే మేనకోడలని చెప్పి ఉంటే పిల్లను చేర్చుకునేవాళ్లే కాదు. ఆ కార్డే ఉండేది కాదు.

వరమ్మను మళ్లీ పనిలోకి తీసుకున్నారట. ఆమె ముందు మళ్లీ మళ్లీ నిలబడకు. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆమెను కష్టపెట్టకు.

మాహిరా గురించి. ఒక్క పిల్లకు జ్వరం రాకపోతే అది దేనికీ రుజువు కాదు. దోమ కుట్టలేదేమో, అదృష్టమేమో. ప్రయోగశాలలో కొత్తగా పనికి చేరిన ప్రతి అమ్మాయికీ ఈ మాట నేనే పాఠంలా చెప్పేదాన్ని. ఆ రక్తం ఏ లెక్కలోనూ చేరదు. చేరకూడదు, నేనే కమిటీలో ఉన్నా తీసేసేదాన్ని. అయినా నీ ఉత్తరంలో 'మాహిరాకు మాత్రం రాలేదు' అన్న ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయి నాలుగుసార్లు చదివాను. తర్వాత దోమల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. ఈసారి ఏడుపు వేరు.

మాహిరా కొత్త ఫోటో ఒకటి పంపించు. తౌఫీఖ్ భాయ్‌ని అడిగి, ఆయన ఒప్పుకుంటేనే పంపించు.

బ్లాక్ తీసేస్తాను, ఆదివారం పదింటికి ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. చైత్రను మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకు. ముందు నిన్ను కడుపునిండా తిట్టాలి. అదయ్యాక పిల్లకు ఇద్దువుగాని.

సుజన